పరమాణువు రూపం ఎలా మారుతూ వచ్చింది? మన ఆరోగ్యానికి దానితో పనేమిటి?



ఆసుపత్రిలో ‘న్యూక్లియర్ మెడిసిన్ విభాగం’ అన్న బోర్డు కనబడగానే చాలామంది గుండె ఝల్లుమంటుంది. ఎక్స్‌రే, సీటీ స్కాన్, ఎమ్మారై, పెట్ స్కాన్ – ఈ నాలుగింటికీ తేడా తెలియక అన్నింటికీ ఒకే రీతిగా భయపడేవారున్నారు. వైద్యుడు అవసరం లేదన్నా ‘ఒకసారి స్కాన్ తీయించుకుంటే పోలా’ అనుకునేవారూ ఉన్నారు. మొదటివారు అవసరమైన చికిత్సను వాయిదా వేసి నష్టపోతారు. రెండవవారు అనవసరమైన కిరణాలను కొని తెచ్చుకుంటారు. ఈ రెండింటికీ మూలం ఒక్కటే. ఆ యంత్రాలన్నీ మన దేహంలోని పరమాణువుతోనే పని చేస్తాయని, అయితే ఒక్కొక్కటి పరమాణువులోని ఒక్కొక్క భాగంతో పని చేస్తుందని మనకు తెలియకపోవడమే.

అందుచేత ఈసారి ఔషధాల గురించి కాక, పరమాణువు చరిత్ర గురించి వ్రాస్తున్నాను. పరమాణువును ఎవరూ కంటితో చూసి బొమ్మ గీయలేదు. తమకు దొరికిన ఆధారాలను బట్టి ఒక్కొక్క తరం ఒక్కొక్క బొమ్మను ఊహించింది. ఆ బొమ్మ మారిన ప్రతిసారీ వైద్యానికి ఏదో ఒక కొత్త సాధనం దొరికింది. కొన్నిసార్లు దానికి మనుషుల ప్రాణాలే మూల్యమయ్యాయి.

విభజించరాని కణం

పదార్థాన్ని ముక్కలు చేసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఆగాలి అన్న ఆలోచన చాలా పురాతనమైనది. మన దేశంలో వైశేషిక దర్శనకర్త కణాదుడు పరమాణువును ప్రతిపాదించాడు. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం అని ఆ దర్శనం వివరించింది. గ్రీసు దేశంలో క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో ల్యూసిప్పస్, డెమోక్రిటస్ ఇటువంటి భావాన్నే చెప్పారు. ‘ఆటమ్’ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి ‘కోయరానిది’ అని అర్థం. ఇవి గొప్ప తాత్త్విక దర్శనాలు. కాని తూచి, కొలిచి, తప్పా ఒప్పా తేల్చగల సిద్ధాంతాలు కావు. ఆ కొలత ప్రవేశించడానికి రెండువేల సంవత్సరాలకు పైగా పట్టింది.

డాల్టన్: తూకానికి వచ్చిన పరమాణువు

ఇంగ్లండులోని మాంచెస్టరులో పాఠాలు చెప్పుకుంటూ, ప్రతిదినం వాతావరణ వివరాలు వ్రాసుకుంటూ జీవించిన జాన్ డాల్టన్ 1803 నుంచి 1808 వరకు తన సిద్ధాంతాన్ని రూపొందించారు. ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క రకం పరమాణువు ఉంటుంది. ఒకే మూలకపు పరమాణువులన్నీ సమానమైన బరువు కలవి. అవి చిన్న పూర్ణాంకాల నిష్పత్తిలో కలిసి సమ్మేళనాలు అవుతాయి. ఇదే ఆయన చెప్పిన సారాంశం. డాల్టన్ దృష్టిలో పరమాణువు ఒక గట్టి గోళీ వంటిది. దానికి లోపలి భాగమంటూ లేదు.

ఈ సిద్ధాంతంలో లోపాలు లేకపోలేదు. నీటిలో ఒక హైడ్రోజన్‌కు ఒక ఆక్సిజన్ ఉంటుందని ఆయన భావించారు. దానిని సరిదిద్దడానికి 1811లో అవొగాడ్రో చేసిన సూచన పనికివచ్చేదే అయినా, 1860లో కార్ల్‌స్రూహే నగరంలో జరిగిన రసాయన శాస్త్రజ్ఞుల సమావేశంలో కన్నిజారో దానిని గట్టిగా వినిపించే వరకు లోకం పట్టించుకోలేదు.

డాల్టన్ గురించి వైద్యులు మరచిపోని సంగతి ఇంకొకటి ఉంది. ఆయనకు వర్ణాంధత్వం ఉండేది. దానిని గురించి 1794లోనే వ్యాసం సమర్పించారు. తన కంటిలోని ద్రవం నీలంగా ఉండటం వల్లనే ఎరుపు తనకు సరిగా కనబడటం లేదని ఆయన ఊహ. తాను మరణించాక కంటిని పరీక్షించమని కోరారు. 1844లో ఆయన మరణానంతరం వైద్యుడు పరీక్షించగా ఆ ద్రవం స్వచ్ఛంగానే ఉంది. ఊహ తప్పని తేలింది. భద్రపరచిన ఆ కంటి నుంచి 1995లో డీఎన్ఏ తీసి పరీక్షించి, ఆకుపచ్చను గ్రహించే వర్ణకం ఆయనకు లోపించిందని నిర్ధారించారు. ఊహించడం, ఊహను పరీక్షకు పెట్టడం, పరీక్షలో నిలవకపోతే వదులుకోవడం – పరమాణువు చరిత్ర అంతా ఈ దారిలోనే నడిచింది.

గోళీ పగిలింది

19వ శతాబ్దపు చివరి ఐదు సంవత్సరాలు ఈ గోళీని బద్దలు కొట్టాయి. 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నారు. కొద్ది వారాలలోనే తన భార్య చేతి ఎముకల ఛాయాచిత్రం తీశారు. 1896లో ఫ్రాన్సులో బెకరెల్, యురేనియం లవణాల నుంచి వాటంతట అవే కిరణాలు వెలువడుతున్నాయని గుర్తించారు. 1897లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ ఎలక్ట్రానును కనుగొన్నారు. అన్నింటికన్నా తేలిక అనుకున్న హైడ్రోజన్ పరమాణువు కంటె కూడా అది వేయి రెట్లకు మించి తేలికైనది. నేటి లెక్క ప్రకారం సుమారు 1837 రెట్లు. 1898లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు పొలోనియం, రేడియం మూలకాలను ప్రకటించారు.

విభజించరానిది అనుకున్న దాని నుంచి ముక్కలు బయటకు వస్తున్నాయన్న మాట! అయితే పరమాణువుకు లోపలి భాగం ఉండి తీరాలి. థామ్సన్ 1904లో ఒక బొమ్మను వివరించారు. ధనావేశం పరమాణువు అంతటా గుజ్జులా పరచుకుని ఉంటుంది. ఋణావేశం గల ఎలక్ట్రాన్లు అందులో అక్కడక్కడ పొదిగి ఉంటాయి. మన పాఠ్యపుస్తకాలలో దీనిని పుచ్చకాయ నమూనా అంటారు. ఎర్రని గుజ్జు ధనావేశం, నల్లని గింజలు ఎలక్ట్రాన్లు.

లోపల ఏముందో తేలకముందే ఆ కిరణాలు వాడుకలోకి వచ్చేశాయి. ఎక్స్ కిరణాలతో పని చేసిన తొలి తరం వారు తమ చేతినే అడ్డుపెట్టి యంత్రాన్ని సరిచూసుకునేవారు. ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ చేతులు కాలి, క్యాన్సరు వచ్చి 1904లో మరణించారు.

రూథర్‌ఫర్డ్: ఖాళీ ఇంట్లో చిన్న దీపం

1909లో మాంచెస్టరులో రూథర్‌ఫర్డ్ పర్యవేక్షణలో గైగర్, అప్పటికి ఇరవై ఏళ్ల విద్యార్థి అయిన మార్స్‌డెన్ ఒక ప్రయోగం చేశారు. పలుచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను పంపి, చీకటి గదిలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, తెర మీద మెరిసే చుక్కలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. పుచ్చకాయ నమూనా నిజమైతే ఆ కణాలు దాదాపు తిన్నగా దూసుకుపోవాలి. చాలావరకు అలాగే పోయాయి. కాని వేలాది కణాలలో ఏ ఒక్కటో వెనక్కి తిరిగి వచ్చింది. పలుచని కాగితం మీదికి ఫిరంగి గుండు పేలిస్తే అది తిరిగి వచ్చి మనకే తగిలినంత ఆశ్చర్యం కలిగిందని రూథర్‌ఫర్డ్ తరువాత చెప్పుకున్నారు.

రెండేళ్లు ఆలోచించి 1911లో ఆయన తన నిర్ణయం ప్రకటించారు. పరమాణువులోని ధనావేశం, దాదాపు యావత్తు ద్రవ్యరాశి నడుమ ఉన్న అతి చిన్న కేంద్రకంలో ఇమిడి ఉంది. పరమాణువుతో పోలిస్తే కేంద్రకం పదివేల నుంచి లక్ష రెట్లు చిన్నది. మిగిలినదంతా ఎలక్ట్రాన్లు తిరుగాడే చోటు. మీరు కూర్చున్న కుర్చీ, ఈ అక్షరాలు చదువుతున్న మీ కన్ను, అన్నీ ఇటువంటి పరమాణువుల కూర్పే.

బోర్, మోస్లీ: లెక్క కుదిరిన మెట్లు

రూథర్‌ఫర్డ్ బొమ్మ అందంగా ఉన్నా, నాటి భౌతికశాస్త్రం ప్రకారం నిలవదు. కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాను తన శక్తిని కాంతిగా పోగొట్టుకుంటూ, సెకనులో అతి స్వల్ప భాగంలోనే కేంద్రకంలో పడిపోవాలి. అలా అయితే ఈ లోకమే ఉండకూడదు. 1913లో డెన్మార్కుకు చెందిన నీల్స్ బోర్ సాహసించి ఒక నియమం పెట్టారు. ఎలక్ట్రాను కొన్ని నిర్ణీత కక్ష్యలలోనే ఉండగలదు. నిచ్చెనకు మెట్లు ఉన్నట్లే కాని మెట్టుకు మెట్టుకు నడుమ నిలిచే వీలు లేదు. ఒక మెట్టు నుంచి మరొక మెట్టుకు దిగినప్పుడు మాత్రమే కాంతి వెలువడుతుంది. హైడ్రోజన్ వర్ణపటంలోని గీతలకు ఈ లెక్క చక్కగా సరిపోయింది.

అదే సంవత్సరం హెన్రీ మోస్లీ అనే యువకుడు, వేరువేరు మూలకాలు వెలువరించే ఎక్స్ కిరణాలను కొలిచి, ప్రతి మూలకానికి దాని కేంద్రకంలోని ధనావేశమే అసలైన వరుస సంఖ్య అని నిరూపించారు. అదే పరమాణు సంఖ్య. రెండేళ్లు తిరగకుండానే, 1915 ఆగస్టులో, మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లిపొలి వద్ద మోస్లీ మరణించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఏడేళ్లు.

ఆయన పేరు తెలియకపోయినా ఆయన చూపిన సంఖ్య ఫలితాన్ని మీరు ఎక్స్‌రే ఫిల్ములో చూసే ఉంటారు. పరమాణు సంఖ్య పెరిగేకొద్దీ ఎక్స్ కిరణాలను ఆపే శక్తి చాలా వేగంగా పెరుగుతుంది. కండరంలో ఎక్కువగా ఉండే హైడ్రోజన్ (1), కార్బన్ (6), ఆక్సిజన్ (8) వాటిని తక్కువగా ఆపుతాయి. ఎముకలోని కాల్షియం (20) ఎక్కువగా ఆపుతుంది. అందుకే ఎముక తెల్లగా కనబడుతుంది. ప్రేగులను చూడటానికి త్రాగించే బేరియం (56), రక్తనాళాలను చూడటానికి ఎక్కించే అయొడిన్ మందు (53), సాంకేతిక నిపుణుడు తొడుక్కునే సీసపు ఆప్రాన్ (82) – అన్నింటి వెనుక ఉన్నది ఈ ఒక్క సూత్రమే.

ఐసోటోపులు: వెలుపల ఒకటే, లోపల వేరు

ఇక్కడ మన కథలో అతి ముఖ్యమైన మలుపు వస్తుంది. రసాయనికంగా ఏ తేడా కనబడని మూలకాలు కొన్ని రేడియోధార్మికతలో మాత్రం వేరుగా ప్రవర్తించడం ఫ్రెడరిక్ సాడీ గమనించారు. వాటికి ‘ఐసోటోపులు’ అన్న పేరును సూచించినవారు మార్గరెట్ టాడ్ అనే వైద్యురాలు. 1913లో ఆ పేరు శాస్త్రలోకంలో ప్రవేశించింది. ఎందుకు అలా జరుగుతుందో పూర్తిగా అర్థమైనది 1932లో చాడ్విక్ న్యూట్రానును కనుగొన్న తరువాత. కేంద్రకంలో ప్రోటాన్ల సంఖ్య ఒకటే అయినా న్యూట్రాన్ల సంఖ్య మారవచ్చును. ఎలక్ట్రాన్ల అమరిక మాత్రం మారదు.

చాడ్విక్ అంటే తెలుగువారికి ఒక బంధుత్వం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో జన్మించిన స్వామి జ్ఞానానంద, లివర్‌పూల్‌లో చాడ్విక్ వద్ద పరిశోధన చేసి, తిరిగి వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేశారు.

పాఠకులు ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే చాలు: మన శరీరానికి ఎలక్ట్రాన్లే తెలుసు, కేంద్రకం తెలియదు. జీర్ణం కావడం, రక్తంలో కలవడం, ఎముకలో చేరడం – ఇవన్నీ రసాయన క్రియలు. అంటే పై పొరలోని ఎలక్ట్రాన్ల పని. కేంద్రకం స్థిరమైనదా, విచ్ఛిన్నమయ్యేదా అన్నది శరీరం గుర్తుపట్టలేదు.

ఈ ఒక్క వాక్యంలో ఒక విషాదమూ ఉంది, ఒక వరమూ ఉంది.

విషాదం సంగతి ముందు చెబుతాను. అమెరికాలో మొదటి ప్రపంచ యుద్ధకాలం నుంచి గడియారాల అంకెలకు చీకటిలో మెరిసే రేడియం రంగు వేసే కర్మాగారాలు ఉండేవి. అక్కడ పని చేసే యువతులకు కుంచె మొనను పెదవులతో సన్నగా చేసుకోమని నేర్పారు. అలా రోజూ కొద్దికొద్దిగా రేడియం వారి కడుపులోకి వెళ్లింది. ఆవర్తన పట్టికలో రేడియం, కాల్షియం ఒకే నిలువు వరుసలోనివి. రెండింటికీ పై పొరలో రెండేసి ఎలక్ట్రాన్లే ఉంటాయి. శరీరం రేడియంను కాల్షియం అనుకుని ఎముకలలో దాచుకుంది. దవడ ఎముకలు కుళ్లిపోయాయి, రక్తం క్షీణించింది, ఎముకలకు క్యాన్సర్లు వచ్చాయి. న్యూజెర్సీకి చెందిన ఐదుగురు స్త్రీలు కోర్టుకెక్కగా 1928లో రాజీ కుదిరింది. రేడియంలో సగం తరగడానికి 1600 ఏళ్లు పడుతుంది కనుక, ఎముకలలో నిలిచిపోయిన రేడియం నేటికీ దాదాపు అంతే ఉంటుంది. వారి పోరాటం తరువాతి కాలంలో కార్మికుల భద్రతా నియమాలకు దారి చూపింది. రేడియంను వేరుచేసిన మేరీ క్యూరీ కూడా 1934లో మూలుగ ఎండిపోయే రక్తహీనతతోనే మరణించారు.

ఇక వరం. మాంచెస్టరులో రూథర్‌ఫర్డ్ వద్ద పని చేసిన హంగేరీ శాస్త్రజ్ఞుడు హెవెషీ, తాను ఉంటున్న ఇంటి యజమానురాలు పాత ఆహారాన్నే మళ్లీ వండి పెడుతున్నదని అనుమానించి, మిగిలిన భోజనంలో రవ్వంత రేడియోధార్మిక పదార్థం కలిపి, కొద్ది రోజుల తరువాత వడ్డించిన దానిలో దానిని పట్టుకున్నారని చెబుతారు. శరీరానికి తేడా తెలియదు, మన యంత్రానికి తెలుస్తుంది – ఇదే ‘ట్రేసర్’ పద్ధతి. మొక్కలలో, జంతువులలో పదార్థాల ప్రయాణాన్ని ఆయన ఈ పద్ధతిలో కనిపెట్టారు. అందుకు 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

అదే సూత్రం థైరాయిడ్ వైద్యంలో అద్భుతం చేసింది. థైరాయిడ్ గ్రంథి రక్తంలోని అయొడిన్‌ను పీల్చుకుంటుంది. అయొడిన్-131 ఇస్తే అదీ నేరుగా గ్రంథిలోకే చేరి, అతిగా పని చేసే కణాలను లోపలి నుంచే నశింపజేస్తుంది. దాని అర్ధజీవిత కాలం 8 రోజులు. 1940ల నుంచి ఈ చికిత్స వాడుకలో ఉంది. ఇదే అయొడిన్ 1986లో చెర్నోబిల్ ప్రమాదంలో పాల ద్వారా పసివారి గ్రంథులలో చేరి, తరువాతి ఏళ్లలో థైరాయిడ్ క్యాన్సర్లను పెంచింది. పొరుగున ఉన్న పోలండులో సుమారు కోటి మంది పిల్లలకు ముందుగా మామూలు అయొడిన్ ఇచ్చారు. గ్రంథి నిండి ఉంటే కొత్త అయొడిన్‌కు చోటుండదన్నది అందులోని కిటుకు. మందుగా మారినదీ, విషంగా మారినదీ ఒకే పరమాణువు. ఎంత, ఎవరికి, ఎందుకు అన్నవే తేడా.

మేఘంగా మారిన ఎలక్ట్రాను

బోర్ బొమ్మ హైడ్రోజన్ దగ్గర నెగ్గినా, రెండు ఎలక్ట్రాన్లు గల హీలియం దగ్గరే తడబడింది. 1924లో డి బ్రోలీ, ఎలక్ట్రానుకు తరంగ స్వభావం ఉందన్నారు. 1925, 26లలో హైజెన్‌బర్గ్, ష్రోడింగర్ కొత్త గణితాన్ని నిర్మించారు. ఎలక్ట్రాను ఫలానా చోట ఉంది అని చెప్పలేము. ఫలానా చోట ఉండే సంభావ్యత ఇంత అని మాత్రమే చెప్పగలమని మాక్స్ బార్న్ వివరించారు. కక్ష్య అన్న గీత చెరిగిపోయి, దాని స్థానంలో మేఘం వంటి రూపం వచ్చింది. చిత్రమేమిటంటే, ఎలక్ట్రాను కణమని చూపినందుకు కీర్తి పొందిన జె.జె. థామ్సన్ కుమారుడు జి.పి. థామ్సనే 1927లో అది తరంగంలా ప్రవర్తిస్తుందని ప్రయోగంతో చూపినవారిలో ఒకరు. ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది, ఇద్దరూ చెప్పినదీ నిజమే.

ఈ కొత్త శాస్త్రం నుంచి రెండు యంత్రాలు వచ్చాయి. మొదటిది పెట్ స్కాన్. డిరాక్ సమీకరణాల నుంచి ధనావేశం గల ఎలక్ట్రాను ఉండాలని తేలింది. 1932లో ఆండర్సన్ దానిని కనుగొన్నారు. అదే పాజిట్రాను. ఫ్లోరిన్-18 చేర్చిన గ్లూకోజును రోగికి ఎక్కిస్తే, చక్కెరను ఆబగా తీసుకునే క్యాన్సరు కణాలలో అది పోగుపడి, పాజిట్రాన్ల ద్వారా తన ఉనికిని తెలియజేస్తుంది. ఆ ఫ్లోరిన్ సుమారు 110 నిమిషాలకు సగమైపోతుంది.

రెండవది ఎమ్మారై. మన దేహంలోని పరమాణువులలో సగానికి పైగా హైడ్రోజనే. దాని కేంద్రకమైన ప్రోటాను అతి చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో దానిని రేడియో తరంగాలతో కదిలించి, అది తిరిగి పంపే సంకేతాలతో చిత్రం నిర్మిస్తారు. ఈ కేంద్రక అయస్కాంత అనునాదాన్ని 1946లో బ్లాక్, పర్సెల్ పదార్థాలలో చూపారు. చిత్రంగా మలచిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ దక్కింది. దీని అసలు పేరులో ‘న్యూక్లియర్’ అన్న మాట ఉండేది. జనం భయపడతారని ఆసుపత్రులలో దానిని తొలగించారు. నిజానికి ఎమ్మారైలో ఎక్స్ కిరణాలు లేవు, రేడియోధార్మికత లేదు. కేంద్రకం చెక్కుచెదరదు.

ఆ తరువాత ప్రోటాను, న్యూట్రాను కూడా మూలకణాలు కావని, క్వార్కులతో నిర్మితమైనవని తెలిసింది. 1964లో ప్రతిపాదించిన ఆ భావానికి 1968 నుంచి ప్రయోగాల ఆధారం దొరకసాగింది. కథ అక్కడితోనూ ముగియలేదు.

ఇంతకీ మనం తెలుసుకోవలసినది

‘శాస్త్రజ్ఞులు పూటకో మాట మారుస్తారు, వారిని ఎలా నమ్మడం?’ అని కొందరు అడుగుతుంటారు. డాల్టన్ లెక్కలు నేటికీ మందుల తయారీలో పనికివస్తున్నాయి. బోర్ మెట్లు నేటికీ పాఠశాలలో చెబుతున్నాము. కొత్త బొమ్మ పాతదానిని పూర్తిగా చెరిపివేయలేదు. అది ఎంతవరకు నిజమో హద్దు గీసింది. మాట మార్చడం వేరు, ఆధారం దొరికినప్పుడు దిద్దుకోవడం వేరు. ఏనాడూ మారని వైద్యం మాదని చెప్పుకునేవారినే కొంచెం అనుమానించాలి.

ఇక ఆచరణకు సంబంధించి కొన్ని మాటలు:

1. కిరణాలు లేని జీవితం లేదు. నేల, గాలి, ఆహారం, ఆకాశం నుంచి ఏటా సగటున సుమారు 2.4 మిల్లీసీవర్టులు మనకు సహజంగానే అందుతాయి. మన శరీరంలోని పొటాషియం-40 పరమాణువులే సెకనుకు నాలుగు వేలకు పైగా విచ్ఛిన్నమవుతుంటాయి.

2. ఛాతీ ఎక్స్‌రేకు పట్టేది 0.1 మిల్లీసీవర్టు లేక అంతకంటె తక్కువ. పొట్ట సీటీ స్కాన్‌కు దాదాపు 10 వరకు పట్టవచ్చును. కనుక సీటీ స్కాన్ వైద్యుడు అవసరమన్నప్పుడే చేయించుకోండి. అవసరమన్నప్పుడు మానకండి. పాత ఫిల్ములు, నివేదికలు భద్రపరచి చూపిస్తే తిరిగి తీయవలసిన అగత్యం చాలాసార్లు తప్పుతుంది.

3. గర్భవతులు, గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నవారు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి.

4. ఎమ్మారైకి వెళ్లేవారు పేస్‌మేకరు, శరీరంలో అమర్చిన లోహపు ముక్కలు, క్లిప్పులు ఉంటే తప్పక తెలపాలి. అక్కడ జాగ్రత్త పడవలసినది అయస్కాంతంతోనే.

5. అయొడిన్-131 చికిత్స పొందినవారు, పిల్లలకు, గర్భవతులకు దూరంగా ఉండమని వైద్యుడు చెప్పిన రోజులను ఖచ్చితంగా పాటించాలి.

కుంచెను పెదవులతో సన్నం చేసుకున్న ఆ యువతులకు, తాము తాకుతున్నది ఏమిటో చెప్పినవారు లేరు. మనకు చెప్పేవారున్నారు, చదువుకునే వీలుంది. తరువాతిసారి మీకో, మీ ఇంట్లోవారికో స్కాన్ వ్రాసినప్పుడు, ‘ఇది ఎందుకు? ఇందులో కిరణాలు ఉంటాయా? వేరే దారి ఉందా?’ అని ఈ మూడు ప్రశ్నలు నిస్సంకోచంగా అడగండి. మంచి వైద్యుడు సంతోషంగా సమాధానం చెబుతాడు.